బీరువా వెనక తట్టిన చెయ్యి

దెయ్యాలూ భూతాలూ నేను నమ్మను. ఈ ముక్క ముందే చెప్పకపోతే మీరు నన్ను వేరే లెక్కలో వేసుకుంటారు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఏజెన్సీలోనే ఏఎన్ఎంగా చేశాను. జీపు వచ్చేదాకా శవం పక్కన ఒక్కదాన్నే కూర్చున్న రోజులున్నాయి. గాలి సోకిందని మోసుకొచ్చిన ప్రతి మనిషికీ ముందు థర్మామీటరే పెట్టాను. చాలామటుకు మలేరియా తేలింది. దెయ్యం పట్టిందన్నవాళ్ళని కసిరి కూర్చోబెట్టిన నోరు నాది. అదే నోటితో ఇప్పుడు ఈ సంగతి చెప్పాల్సి రావడం నాకేమీ సరదాగా లేదు.

రాసే ముందు మా ఆయన్ని అడిగాను. ఆయన సైన్సు మాస్టారు. జరిగింది జరిగినట్టు రాయి, పైన నీ తాళింపు వెయ్యకు అన్నారు. అలాగే రాస్తున్నాను.

తొంభైల చివర్లో ముంచింగిపుట్టు దాటి, ఒడిశా వైపు పోయే దారిలో ఉన్న ఒక ఊరికి నన్ను వేశారు. ఉండటానికి ఇచ్చింది చెక్క ఇల్లు. ఎప్పుడో కాఫీ మొక్కలు వేయించిన రోజుల్లో గుమాస్తా కోసం కట్టించారట. లావుపాటి స్తంభాలు, వాటికి నిలువుగా కొట్టిన చెక్కలు, పైన పెంకు. ముందు వరండాలో ఊరి ఆరోగ్య సబ్‌సెంటరు. వెనక ఒక గది, వంటిల్లు. అదే నా కాపురం.

చెక్క ఎండకి ముడుచుకుంటుంది, వానకి ఉబ్బుతుంది. ఎన్నేళ్ళుగా అలా ముడుచుకుని ఉబ్బిందో గానీ చెక్కకీ చెక్కకీ మధ్య వేలు దూరేంత సందులు. గుమ్మం చట్రం పక్కనైతే చెయ్యే దూరేది. డిసెంబరులో పొద్దున్నే లేస్తే మంచు ఊళ్ళో ఎంత ఉందో మా ఇంట్లోనూ అంతే ఉండేది. దుప్పటి మీద చెయ్యి వేస్తే తడి తగిలేది.

నా ఒక్కదాని కోసమైతే ఎలాగో గడిపేసేదాన్ని. నా ఒళ్ళో ఎనిమిది నెలల పిల్ల ఉంది. పేరు స్వాతి. ఆ ఏడు వానల్లో ఒకసారి, దసరా అయ్యాక ఒకసారి దానికి న్యుమోనియా వచ్చింది. రెండోసారి పాడేరు ఆసుపత్రిలో ఆరు రోజులున్నాం. చలిగాలి తగలనివ్వొద్దు, మూడోసారి వస్తే నేనేమీ చెప్పలేను అన్నారు డాక్టరు గారు. నర్సుని కదా, ఆ మాటకి అర్థం నాకు విడమరిచి చెప్పక్కర్లేదు.

మా ఆయన ఉద్యోగం కొండ కింద, ఎస్.కోట వైపు. శనివారం ఎక్కి ఆదివారం దిగిపోయేవారు. ఆసుపత్రికి మా అత్తయ్య వచ్చింది. ఆరు రోజులూ పిల్లని ఒళ్ళోంచి దించలేదు. డిశ్చార్జి రోజున బస్సు దగ్గర, పిల్లని నా చేతికిస్తూ ఒకే మాట అంది.

"ఇంకొక్కపాలి ఈ గుంట దగ్గిందంటే నానొచ్చి తీసుకుపోతాను. ఉజ్జోగం కావాలో పిల్ల కావాలో అప్పుడు నువ్వే సూసుకో."

ఆవిడ అన్నదాంట్లో తప్పేమీ లేదు. అందుకే నాకు ఎక్కువ మంటపుట్టింది. పదో తరగతి తర్వాత పెళ్ళి వద్దని ఏడ్చి, ట్రైనింగు చేసి సంపాదించుకున్న ఉద్యోగం అది. పాలు తాగే పిల్లని కొండ కిందకి పంపించి, నేను పైన ఊరి పిల్లలకి టీకాలు వేస్తూ బతకాలి. లేకపోతే అన్నీ వదిలేసి ఇంట్లో కూర్చోవాలి. రెండూ నావల్ల కావు.

ఇక సందులు మూసే పనిలో పడ్డాను. మొదట మైదా ఉడికించి పేపర్లు అంటించాను. నాలుగు రోజుల్లో ఎలుకలు మైదా తినేశాయి, వార్తలు మాత్రం మిగిలాయి. తర్వాత పాలిథీన్ కవర్లు మేకులతో కొట్టాను. అవి గాలికి కొట్టుకుంటుంటే పిల్ల ఉలిక్కిపడి లేచేది. ఆఖరికి గాయాలకి అంటించే ప్లాస్టరు సొంతంగా కొనుక్కొచ్చి చెక్కల మీద అతికించాను. ఇంటికి కట్టు కట్టిన మొదటి నర్సుని నేనే అయ్యుంటాను. మా ఆయన సిమెంటు తెచ్చి పూశారు. చెక్క కదులుతుంది, సిమెంటు కదలదు. వారం తిరిగేసరికి బీటలిచ్చి ముక్కలుగా రాలిపోయింది.

అప్పుడు మా సబ్‌సెంటరు ఆయా చెప్పింది, సొమారి అవ్వ పూస్తే రాలదమ్మా అని. చెప్పి వెంటనే, కానీ ఆవిడిప్పుడు మట్టి ముట్టుకోవడం లేదు అంది.

సొమారి నాకు తెలుసు. అరవై దాటిన మనిషి. కాలి మీద మానని పుండు ఉంటే రోజు విడిచి రోజు వచ్చి కట్టు కట్టించుకునేది. సోమవారం పుట్టింది కాబట్టి సొమారి. ఆవిడకో చెల్లెలు, బుధవారం పుట్టిన బుద్రి. చుట్టుపక్కల చెక్క ఇళ్ళకీ తడిక ఇళ్ళకీ సందులు మూసేది ఈ ఇద్దరేనట. వాళ్ళు పూసిన గోడ పదేళ్ళయినా అలాగే ఉంటుందని చెప్పుకునేవారు. మధ్యలో ఒక పనస చెట్టు ఎవరిదన్న దగ్గర అక్కచెల్లెళ్ళిద్దరికీ చెడింది. నాలుగేళ్ళు మాటల్లేవు. వింత ఏమిటంటే ఆ నాలుగేళ్ళూ పని మాత్రం కలిసే చేశారు. అది ఒకరు బయటా ఒకరు లోపలా ఉండి చేసే పని. మధ్యలో గోడ ఉంటుంది, మొహాలు చూసుకోనక్కర్లేదు. రెండేళ్ళ కిందట జ్వరమొచ్చి బుద్రి పోయింది. ఆ రోజు సొమారి సంతకి వెళ్ళి ఉంది. అప్పటినుంచీ ఈవిడ మట్టి కలపలేదు.

అడిగితే కాదంటుందని నేను అడగలేదు. ఒకరోజు కట్టు సగం కట్టాను, లోపల పిల్ల దగ్గింది. ఒక్క దగ్గే, కానీ నా చేతిలో కత్తెర జారిపోయింది. సొమారి నా మొహం చూసింది. వేలాడుతున్న కట్టుతోనే లేచి, గోడ దగ్గరికి వెళ్ళి, చెంప చెక్కకి ఆనించి అలా కాసేపు నిలబడింది.

"ఇది ఇల్లు కాదు సిస్టరమ్మా, జల్లెడ" అంది. కొంచెం ఆగి, "నువ్వు లోపట నిలబడతావా?" అని అడిగింది.

ఆ అడగడం ఆవిడకి ఎంత బరువో నాకు అప్పుడు తెలియలేదు. నిలబడతానన్నాను.

ఆ పని చూడాలి మీరు. నేను ఆపరేషన్ థియేటర్లలో పెద్ద పెద్ద డాక్టర్ల చేతులు చూశాను. అంత శ్రద్ధ ఇంకెక్కడైనా చూశానంటే సొమారి చేతుల్లోనే. పుట్టమన్ను, పేడ, రాగులు కోశాక మిగిలే చోడిగడ్డి సన్నగా తరిగి, కలిపి మూడు రోజులు నానబెట్టింది. రోజూ వచ్చి తొక్కేది. పుండు ఉన్న కాలితో వద్దని నేను అరిస్తే, ఆ కాలు ఎత్తిపెట్టి రెండో కాలితో తొక్కేది. మట్టి సిద్ధమైందా లేదా అన్నది నాలిక మీద పెట్టుకుని చెప్పేది. నేను మొహం తిప్పుకునేదాన్ని.

సందులు వెతకడానికి పిల్లని బయటికి పంపించి, గదిలో నిప్పుల మీద పచ్చి ఆకు వేసి తలుపులు మూయించింది. బయట నిలబడి చూస్తే ఇల్లంతా సన్నసన్న పొగ దారాలు. నాకు కనపడని సందులు ఎన్నో. చూరు కింద, కిటికీ చట్రం మూలల్లో, చెక్క చివర్లలో. ఆవిడ నింపాదిగా తిరుగుతూ ఒక్కోదాని పక్కన బొగ్గుతో గీత పెట్టింది.

అసలు కిటుకు ఇంకోటి ఉంది. ఒకవైపు నుంచి పూస్తే చెక్క కదిలినప్పుడు మట్టి ఊడొస్తుంది. అందుకని సందులో గడ్డి తాడు కుక్కి, బయటి మనిషి, లోపలి మనిషి ఒకే క్షణంలో మట్టి ముద్ద పెట్టి ఎదురెదురుగా ఒత్తాలి. రెండు ముద్దలూ నడిమధ్య కలుసుకుని ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. ఇక చెక్క ఎంత కదిలినా అది కదలదు. ఒకరికొకరు కనపడరు కాబట్టి తట్టడమే భాష. బయటినుంచి రెండుసార్లు తడితే, నేను ఇక్కడున్నాను అని. లోపలినుంచి ఒకసారి తడితే, చెయ్యి పెట్టాను ఒత్తు అని. తట్టు రాకపోతే ఆగాలి. అంతే. నాలుగేళ్ళు మాటల్లేకుండా అక్కచెల్లెళ్ళు ఎలా నెట్టుకొచ్చారో అప్పుడు అర్థమైంది.

రెండు రోజులు నేను లోపల నిలబడ్డాను. నా ముద్దలు ఎప్పుడూ ఆలస్యమే. ఆవిడ బయటినుంచి తిట్టేది. నీది మందు సెయ్యి, మట్టి సెయ్యి కాదు అనేది. గోడల మీద నా వేళ్ళ గీతలు కోడి కెలికినట్టు ఉండేవి.

మూడో రోజు వెనక గోడ మిగిలింది. అక్కడే చిక్కు. ఆ గోడకి లోపలివైపు, దాదాపు గోడంత పొడుగున పెద్ద చెక్క బీరువా ఉంది. ఇల్లు కట్టినప్పుడే దాన్ని స్తంభాలకి బోల్టులతో బిగించేశారు. బోల్టుల మీద, గోడ మీద ఒకే ఆకుపచ్చ రంగు. తుప్పుపట్టి తిరగవు. బీరువాకీ గోడకీ మధ్య బొటనవేలంత ఖాళీ. ఇంట్లోకొచ్చే గాలంతా ఆ ఖాళీలోంచే వచ్చేది, ఎందుకంటే కొండ అటువైపే ఉంది. లోపలినుంచి చెయ్యి పెట్టే దారి లేదని సొమారికి చెప్పాను. బయటినుంచి గడ్డి దట్టంగా కుక్కి ఒకవైపే పూద్దాం, ఎన్నాళ్ళుంటే అన్నాళ్ళు అనుకున్నాం. నాకు ఏడుపొచ్చింది. మిగతా గోడలన్నీ మూసి ఆ గోడ వదిలేస్తే ఏం లాభం?

ఉదయం పదకొండు అయి ఉంటుంది. బాగా ఎండ కాస్తోంది. సొమారి వెనక్కి వెళ్ళింది. అంతలో గొడ్డలి తగిలి పిక్క తెగిన మనిషిని తీసుకొచ్చారు. నేను వరండాలో కూర్చుని కుట్లు వేశాను. ముప్పావు గంట పట్టింది. ఆయా పిల్లని ఎత్తుకుని నా పక్కనే నిలబడింది. లోపలికి వెళ్ళే తలుపు సరిగ్గా నా వీపు వెనక ఉంది. వంటింటి తలుపు లోపల గడియ వేసి ఉంది, దాని చట్రం చుట్టూ ముందురోజు పూసిన మట్టి ఇంకా పచ్చిగానే ఉంది. ఇవన్నీ ఎందుకు చెబుతున్నానంటే, తర్వాత ఇవన్నీ నేనే ఒకటికి పదిసార్లు చూసుకున్నాను.

కట్టు కడుతుండగా సొమారి ఇంటి పక్కనుంచి తిరిగి వచ్చింది. మోచేతుల దాకా మట్టి. మొహం వెలిగిపోతోంది. ఆవిడ నన్ను మెచ్చుకోవడం అదే మొదలు.

"ఇన్నాళ్ళకి నీ సెయ్యి కుదిరింది సిస్టరమ్మా. ఆ బీరువా ఎనక సెయ్యి ఎలాగెట్టినావు?"

నేను లోపల లేనవ్వా, ఇక్కడే ఉన్నానన్నాను. ఆవిడ నవ్వింది. తర్వాత ఆ మనిషి కాలు చూసింది, కుట్లు చూసింది, నా చేతులు చూసింది. చేతుల మీద రక్తం, అయోడిన్ తప్ప మట్టి మరక లేదు. నవ్వు ఆగిపోయింది.

"మరి తట్టింది ఎవులు?"

 ఆవిడే మెల్లగా చెప్పింది. "తట్టడం ఒకటే కాదు. నాను ఒత్తితే అటునుంచి ఒత్తినాది. గోడ పొడుగునా ఒత్తినాది."

నేను చేతులు కడుక్కుని టార్చి తీసుకుని లోపలికి వెళ్ళాను.  గదిలో ఎవరూ లేరు. బీరువాలో మందుల డబ్బాలు కూడా కదల్లేదు. పక్కనుంచి సందులోకి టార్చి వేశాను. బయటినుంచి తోసిన మట్టి లోపలివైపు ముద్దలుగా వేలాడాలి. వేలాడటం లేదు. చెక్క వెంబడి చదునుగా, తడిగా మెరుస్తోంది. వెదురు బద్ద దూర్చి తాకి చూశాను. కొసకి పచ్చి మట్టి అంటుకుంది. బద్ద దూరింది గానీ నా చెయ్యి దూరలేదు. ఆయా చెయ్యీ దూరలేదు. ఏ మనిషి చెయ్యీ దూరదు.

బయటికి వచ్చేసరికి సొమారి వెనక గోడ దగ్గర గొంతుక్కూర్చుని ఉంది. మట్టి చేతులు ఒళ్ళో పెట్టుకుని గోడనే చూస్తోంది. భయపడిన మనిషిలా లేదు. నేను పక్కన కూర్చున్నాను. బుద్రి పేరు ఆవిడ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. కాసేపటికి లేచి, కిటికీ ఒకటి మిగిలింది లోపటికెల్లు అంది. వెళ్ళాను. నా ముద్ద మళ్ళీ ఆలస్యమైంది. మళ్ళీ తిట్టింది.

జనవరిలో, పొగమంచు వదలని వారంలో మా అత్తయ్య వచ్చింది. పిల్లని తీసుకుపోవడానికే వచ్చింది, సంచిలో దాని కోసం కొత్త దుప్పటి కూడా తెచ్చింది. వచ్చీ రాగానే చెయ్యి తడుపుకుని, చేతి వెనకవైపు గోడల వెంబడి ఆనిస్తూ ఇల్లంతా తిరిగింది. గాలి ఎక్కడ తగిలినా తడి చేతికి తెలుస్తుంది కదా. బీరువా పక్కన చాలాసేపు చెయ్యి పెట్టి ఉంచింది. నేను పొయ్యి దగ్గర నిలబడి ఆ చేతినే చూశాను. మూడు రోజులుంది. పిల్ల దగ్గలేదు. నాలుగో రోజు దుప్పటి మా దగ్గరే ఉంచి, సంచి ఖాళీగా పట్టుకుని బస్సెక్కింది. "ఉంచుకో. గోడ మాత్రం సూసుకుంటుండు" అంది. బస్సు మలుపు తిరిగాక నేను రోడ్డు పక్కన రాయి మీద కూర్చుని తనివితీరా ఏడ్చాను.

ఆ చలికాలమే కాదు, అక్కడున్నన్నాళ్ళూ స్వాతికి మళ్ళీ న్యుమోనియా రాలేదు. ఏటేటా మిగతా గోడల్లో నేను ఒత్తినచోట చిన్న చిన్న బీటలు వచ్చేవి, సొమారి వచ్చి సరిచేసేది. బీరువా వెనక ఏనాడూ గాలి రాలేదు.

ఎలకలన్నారు కొందరు. ఎలకలు మట్టి చదును చెయ్యవు. మా ఆయన, చెక్క వెనక్కి తన్ని ఉంటుంది, అదే తట్టినట్టు వినిపించి ఉంటుందన్నారు. ఒక సెలవు రోజంతా వెనక గోడ దగ్గర నిలబడి రెండేసిసార్లు తడుతూ చెవి పెట్టి విన్నారు. దారిన పోయేవాళ్ళు మాస్టారికేమైందని ఆయాని అడిగారు. ఒక్కసారి కూడా తిరిగి తట్టు వినపడలేదు. సాయంత్రం లోపలికి వచ్చి, నాకు తెలియట్లేదు అన్నారు. సైన్సు మాస్టారు ఆ మాట అనడం చిన్న విషయం కాదు.

ఎనిమిదేళ్ళ తర్వాత సబ్‌సెంటరుకి పక్కా బిల్డింగు వచ్చింది. పాత ఇల్లు విప్పేశారు. వడ్రంగి బోల్టులు రంపంతో కోసి, నలుగురి చేత బీరువా లాగించాడు. నేను ముందే సొమారికి కబురు పెట్టాను. అప్పటికి చూపు మందగించింది, కర్ర పట్టుకుని వచ్చింది. స్వాతే ఆవిడ చెయ్యి పట్టుకుని గుమ్మం దాటించింది.

బీరువా వెనక గోడ చూసి వడ్రంగి కూడా ఒక అడుగు వెనక్కి వేశాడు. సందు సందుకీ నాలుగేసి వేళ్ళ గీతలు. కింది నుంచి పైకి, ఒకే ఒరవడిలో, ఎక్కడా తడబాటు లేకుండా. ఇంట్లో ఇంకే గోడ మీదా అంత అందమైన పని లేదు.

సొమారి దగ్గరికంటా వెళ్ళింది. కళ్ళతో కాదు, వేళ్ళతో చూసింది. ఒక్కో గీత మీదా తన వేళ్ళు పెట్టుకుంటూ గోడ చివరిదాకా నడిచింది. మూలకి వచ్చాక ఆగి, అక్కడ రెండుమూడు సార్లు తడిమింది.

"ఈ మూల నాను మట్టి తక్కువెట్టినాను. సేతికి తెలిసినాది. అప్పటికింకా తట్టు రానేదు, ఒక్కదాన్నే కదా, ఏటవుతాదిలే అని ఒగ్గీసినాను." మట్టి మీంచి చెయ్యి తియ్యలేదు. "అది నిండా ఎట్టినాది సూడు. నాతో మాటాడకపోతే ఏటి, నా పని సెడనివ్వనేదు."

 స్వాతికి అప్పుడు తొమ్మిదేళ్ళు. ఈ కథేమీ మేము దానికి చెప్పలేదు. గోడ మీద వేళ్ళ గుర్తులు చూసి, ఎవరు పూశారమ్మా ఇది అని నన్ను అడిగింది.

 నాకు తెలియదు అని చెప్పబోయాను. ఇప్పటికీ ఎవరడిగినా నేను చెప్పేది అదే.

సొమారి నా కంటే ముందు చెప్పింది. "మా సెల్లి" అంది.

మామూలుగా అయితే అలాంటి మాటలు పిల్ల ముందు మాట్లాడొద్దని ఎవరినైనా కసిరేదాన్ని. ఆ రోజు నోరు మూసుకున్నాను. నా కూతురు గోడ మీద చెయ్యి పెట్టి, ఆ అవ్వ చాలా బాగా పూసింది అంటే, అవును అన్నాను.